ఆరు ఫ్యాన్ల కాపలా

పిడుగురాళ్లలో నా గురించి ఒక కథ తిరుగుతోంది. మా సున్నం కంపెనీ ఆఫీసుకు నేను లేబర్ ఆఫీసరును తెప్పించి, ఓనరు మెడలు వంచి, సాయంత్రం ఆరింటికల్లా ఆఫీసు కట్టేయించానట. "ఆమె నోరు అట్టాంటిది మరి" అని ముగిస్తారు. మా ఓనరు చెప్పే కథ ఇంకొకటి. ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా, కరెంటు మాట రాగానే నా వైపు చెయ్యి చూపించి, "మా ఇన్‌చార్జి మేడం బుర్రే అదంతా. ఆరయితే మా ఆఫీసులో ఒక్క లైటు వెలగదు" అంటాడు. పక్కనున్నవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను విస్తట్లో గారెను చిదుపుతూ కూర్చుంటాను.

రెండు కథల్లోనూ నేనే ఉన్నాను. ఇదంతా ఎవరి కోసం మొదలైందో ఆ పిల్ల ఒక్కదాంట్లోనూ లేదు. పాలు తాగే బిడ్డను ఇంట్లో పెట్టి వచ్చి, ఆరింటికి ఇల్లు చేరితే చాలనుకున్న పిల్ల. ఆమెను తీసేసి ఎవరు ఏ కథ చెప్పినా నేను ఒప్పుకోను. అందుకే నేనే రాస్తున్నాను.

మాది పెద్ద ఆఫీసేమీ కాదు. హైవే పక్కన మేడ మీద ఒక హాలు, ఆరు సీట్లు, సీటుకొక ఫ్యాను. బట్టీల నుంచి సున్నం లోడుతో బయల్దేరే లారీలకు బిల్లులు కొట్టడం, డ్రైవర్లకు ఫోన్లు చెయ్యడం, సరుకు చేరిందా లేదా కనుక్కోవడం మా పని. ఓనరుకు వేరే గది, అందులో ఏసీ. ఆయన రాజుపాలెం వైపు పొలాలున్న ఇంటి మనిషి. సగం రోజులు ఊరి రాజకీయాల మీదే ఉంటాడు. ఆయన ఉన్నా లేకపోయినా ఆ ఏసీ మాత్రం ఆడుతుండాలి. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఎవరన్నా పెద్దమనుషులు వస్తారనుకో, గది ఉడికిపోతా ఉంటే ఏం బాగుంటదమ్మా?" అన్నాడు.

పన్నెండేళ్లుగా ఆ సీటులో ఉన్నాను. చెప్పకుండా వచ్చిన పెద్దమనిషిని ఒక్కణ్ణీ చూడలేదు.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. ఆయన లేనప్పుడు మమ్మల్ని ఫోన్లో చూసుకోవడానికి హాలు మూలన ఒకటి పెట్టించాడు. మొదట్లో అది మమ్మల్ని బాగానే చూసేది. తర్వాత ఎవరో సలహా ఇస్తే, ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా సీట్ల చుట్టూ ఎత్తుగా ప్లైవుడ్ అరలు కట్టించాడు. దాంతో కెమెరాకు మేం కనపడటం మానేశాం. కనపడేవల్లా ప్లైవుడ్ అంచులు, బీరువాల నెత్తి, ఆరు ఫ్యాన్లు. కెమెరాను కిందికి తిప్పించండి సార్ అని నేనే చెప్పాను, నా ఖర్మ కొద్దీ. నరసరావుపేట నుంచి మనిషి రావాలి, చూద్దాంలే అన్నాడు. అట్లా చూస్తూ చూస్తూ ఆయన లెక్కలో ఫ్యాన్లే మనుషులయ్యాయి.

"నాలుగో ఫ్యాను ఆగిందేంది? వాడెటు పోయాడు?" అని ఫోను.

"టీకి పోయాడు సార్."

"టీ తాగుతున్నాడా, కాస్తున్నాడా?"

ఇంకేముంది, అందరూ ఫ్యాను ఆపడం మానేశారు. టీకి పోయినా, బ్యాంకుకు పోయినా, సెలవు పెట్టి అత్తగారి ఊరికి పోయినా ఫ్యాను మాత్రం డ్యూటీలో ఉంటుంది. చలికాలం పొద్దున శాలువాలు కప్పుకుని, చెవులకు మఫ్లర్లు చుట్టుకుని ఆరు ఫ్యాన్ల కింద కూర్చున్న మమ్మల్ని చూసి కొరియర్ అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది మేడం, మొక్కు ఏదన్నా ఉందా?" అన్నాడు.

నవ్వులాట అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ ఆయన ఫోన్ తీసి చూసుకునేది ఎక్కువగా సాయంత్రం ఏడు దాటాక, ఎవరి అరుగు మీదో కబుర్లయ్యాక. మా లారీలు మధ్యాహ్నానికే వెళ్లిపోతాయి. నాలుగు తర్వాత చేసేదానికి పనుండదు. అయినా ఎనిమిదిదాకా ఫ్యాన్లు తిరగాలి. అంటే వాటిని ఆపి తలుపు వేసి పోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. దానికి ఒక పద్ధతి కనిపెట్టింది నేనే. దాచను. రోజుకొకరి వంతు. వంతు మనిషి ఎనిమిదిదాకా ఆరు ఫ్యాన్లూ, అన్ని ట్యూబులైట్లూ వేసుకుని ఒంటరిగా కూర్చుంటారు. మిగతా ఐదుగురం ఆరింటికి వెనక మెట్ల మీదుగా దిగిపోతాం. దానికి కాపలా అని పేరు పెట్టుకున్నాం. "రేపు కాపలా ఎవరిది?" అంటే రాత్రిపూట చేను కాసేవాళ్లలా మాట్లాడుకునేవాళ్లం. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎనిమిది గంటల పనిని పదిన్నర గంటలు చేయించే మనిషిని ఎదిరించకుండా, ఆ మోసాన్ని ఆరుగురికీ సమానంగా పంచిపెట్టాను. బీకాం చదువు అందుకు పనికొచ్చింది.

బిల్లింగ్ సీటులో ఉన్నది ఆ పిల్ల. సాయిబుల ఇంటి కోడలు. భర్త లారీ మెకానిక్కు. కాన్పుకు పోయి, బిడ్డకు మూడో నెల దాటగానే పనిలోకి వచ్చేసింది. వాడు డబ్బా పాలు నోట పెట్టడు. అత్తగారు స్పూనుతో పోస్తే ఉమ్మేస్తాడు. మధ్యాహ్నం ఆ పెద్దావిడే ఆటోలో తెచ్చి కింద మెట్ల దగ్గర తాగించుకుపోయేది. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ పాలవేళ. ఆరింటికి బయటపడితే అందుతుంది. కాపలా రోజున అందదు.

ఈ పిల్ల వంతు మనం పంచుకుందామని మిగతావాళ్లను అడిగాను. డిస్పాచ్ చూసే మనిషి అడ్డం తిరిగాడు. మాలో సీనియరు, పెళ్లీడు కూతురున్నవాడు.

"మూడు నెల్లు ఇంట్లో కూర్చుందిగదా మేడం? అప్పుడు ఆమె వంతు మోసింది మేమేగా."

"కూర్చుందా? నువ్వు కనిపెంచావా ఎవర్నన్నా?"

"కనలేదు, పెంచా. పెంచేటప్పుడు నాకెవురూ సెలవియ్యలా."

నేను ఇంకేదో అనబోతుంటే ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. అందరితో పాటే నేనూ. మళ్లీ మాట పడేది నేనే."

ఒకరోజు ఆమె కాపలా. నేను ఆరింటికి దిగిపోయి, కూరలు కొనుక్కుని ఇంటిదాకా పోయాక చూస్తే తాళాలు ఆఫీసులో మర్చిపోయాను. తిరిగి వెళ్లేసరికి పావు తక్కువ ఏడు. హాలు పెళ్లిమండపంలా వెలుగుతోంది. ఆరు ఫ్యాన్లు గాలి కొడుతున్నాయి. మనిషి లేదు. అంతలో ఆ పిల్ల బాత్‌రూమ్ తలుపు తీసుకుని బయటికొచ్చింది. చున్నీ ముందుకు బిగించి పట్టుకుంది.

"ఏమే, ఏడ్చావా?"

"లేదక్కా. పాలు పిండి పారబోసొచ్చా. గడ్డలు కట్టి చానా నెప్పెడతన్నయ్."

బల్ల మీద ఫోను మోగింది. అత్తగారు వీడియోలో బిడ్డను చూపిస్తోంది. వాడు ఊపిరాగేటట్టు ఏడుస్తున్నాడు. ఈమె ఫోనుకు మొహం దగ్గరపెట్టి "వస్తన్నా నాన్నా, వస్తన్నా" అంటోంది. అక్కడ బిడ్డకు పాలు లేవు, ఇక్కడ పాలు సింకులో పోయాయి. మధ్యలో ఎవరికీ అక్కర్లేని గాలి ఆరు ఫ్యాన్ల నిండా.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే. నువ్వు పోవే, నేను కూర్చుంటా అనాలి. ఆ ఆలోచన ఇంటికొచ్చి స్టవ్ వెలిగించాక వచ్చింది. అక్కడ ఉన్నంతసేపూ వచ్చింది కోపమే. పోయి స్విచ్ బోర్డు దగ్గర టపటపా ఐదు ఫ్యాన్లు ఆపేశాను.

"అక్కా, వద్దు" అంది.

"ఒక్క మనిషికి ఆరు ఫ్యాన్లేంది? సిగ్గుండాల!" అని అరిచాను. ఎవరికి సిగ్గుండాలని అరిచానో ఇప్పటికీ తెలియదు. అక్కడున్నది ఆమే, నేనే.

ఐదు నిమిషాలు కాలేదు, ఓనరు ఫోను. నేనే ఎత్తాను.

"ఏందమ్మా, ఐదు ఫ్యాన్లు ఒక్కసారే ఆగినయ్?"

ఫ్యూజు పోయింది సార్ అంటే అయిపోయేది. ఆ ముక్క నా నోటికి రాదు. వాదన వస్తుంది. "సార్, ఇక్కడున్నదే ఒక్క మనిషి. మిగతా వాళ్లం ఆరింటికే పోతాం. రోజూ పోతాం. ఖాళీ కుర్చీల మీద గాలి దేనికని ఆపా."

అవతల అరుగు మీద కబుర్లు నడుస్తున్నాయి. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో చుట్ట అడుగుతున్నారు. "అట్టనా" అన్నాడు. పెట్టేశాడు.

మర్నాటి నుంచి ఆరుగురం ఎనిమిదిదాకా ఉండాలని హుకుం. ఏడున్నరకు ఆఫీసు ఫోనుకు చేసి ఒక్కొక్కరి గొంతు విని పెట్టేసేవాడు. ఆరు రోజులకొకసారి తప్పిపోయే పాలవేళ ఆ పిల్లకు రోజూ తప్పిపోవడం మొదలైంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మిగతావాళ్లు అన్నారు.

"కరెంటు మీద అంత ప్రేముంటే లైన్‌మన్‌గా పోవాల్సింది మేడం" అన్నాడు డిస్పాచ్ మనిషి. పడ్డాను. పడాల్సిందే.

ఇక చట్టం. పని గంటల బోర్డు ప్రతి కొట్లో, ప్రతి ఆఫీసులో గోడకు ఉండాలి. మాకూ ఉంది. లైసెన్సు కోసం ఫ్రేము కట్టించి, తర్వాత దానికి అడ్డంగా బీరువా పెట్టారు. నేను బీరువా పక్కకు చెయ్యి దూర్చి, ఫోను లైటుతో చదివాను. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు. అడుగున ఓనరు సంతకం. పైనుంచి కిందిదాకా చట్టం వెతికి చదివాను. గంటలు దాటితే అదనంగా ఇవ్వాలట. పాలిచ్చే తల్లికి పని మధ్యలో విరామాలు ఇవ్వాలట. అన్నీ రాసే ఉన్నాయి. నాకు వచ్చిన ఉక్రోషం అంతా ఇంతా కాదు. లేని చట్టం కోసం కొట్లాడితే ఒక అందం. ఉన్న చట్టాన్ని బీరువా వెనక నుంచి తవ్వుకోవడం ఏం బతుకు?

అర్జీ రాసుకుని లేబర్ ఆఫీసుకు పోయాను. ఆఫీసరు మంచివాడే. బల్ల మీద నాలుగైదు మండలాల కాగితాలు కుప్పగా ఉన్నాయి, మనిషి ఒక్కడు. ఓపిగ్గా చదివాడు.

"పేరు పెట్టే రాశారేంది మేడం? ఎవరూ పెట్టరు."

"పేరు లేకపోతే మీరు చదవరుగా."

నవ్వాడు. వస్తానన్నాడు. వచ్చాడు కూడా, వారం తిరగకుండా, పొద్దున పదకొండింటికి.

ఆరోజు హాలు చూడాలి. బీరువా జరిగింది, బోర్డు తుడిచారు. ఓనరు తెల్లచొక్కాలో నిలబడి తనే స్వయంగా కూల్‌డ్రింకులు అందించాడు. ఆఫీసరు ఒక్కో అర దగ్గర ఆగి అడుగుతున్నాడు. "సాయంత్రం ఎన్నింటికి పోతారు?"

డిస్పాచ్ మనిషి వెంటనే లేచాడు. "ఆరింటికి సార్. పని లేకపోతే ఒక్కోరోజు ఐదూ యాభైకే పంపించేస్తారు."

ఇంకో ముగ్గురు ఆరన్నారు. ఆ పిల్ల దగ్గరికొచ్చాడు. ఆమె కీబోర్డు మీదనుంచి తల ఎత్తలేదు. "ఆరింటికి సార్" అంది.

"ఎనిమిదింటికి" అన్నాను నేను, నన్ను అడగకముందే.

ఆఫీసరు హాజరు పుస్తకం తెప్పించాడు. అందులో ప్రతి పేజీలో, ప్రతి సంతకం పక్కన, వెళ్లిన వేళ ఆరు అని ఉంది. అడుగున ఇన్‌చార్జి సంతకం నాది. కాపలా పద్ధతి పెట్టినప్పటి నుంచీ, పెట్టకముందు కూడా, ఎవరూ అడగకపోయినా నేను అట్లాగే రాస్తూ వచ్చాను. అట్లా రాయాలని బోర్డులో ఉంది కదా. ఆఫీసరు ఆ పేజీ నాకు చూపించి పుస్తకం మూశాడు. నా నోరు మూతపడ్డ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

పోతూ పోతూ ఓనరుతో అన్నాడు. "ఏ గొడవా లేకుండా ఆరింటికి ఫ్యాన్లు, లైట్లు వాటంతటవే ఆగిపోయేటట్టు ఒక టైమర్ పెట్టించుకోండి సార్. కరెంటు ఆదా అయిద్ది. చీకట్లో ఎవరూ పనిచెయ్యరుగా, మీమీద మాట రాదు."

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నేనూ మెట్ల మీద నిలబడి, పోనీ ఇదన్నా దక్కింది అనుకున్నాను.

ఆయన పోయాక ఆ పిల్లను నిలదీశాను. "నీకోసం చేస్తే నువ్వే ఆరంటావేందే?"

"ఆయన పోతాడక్కా. మనం ఉండాల్సింది ఈయనతో."

కెమెరా కోసం రాని నరసరావుపేట మనిషి టైమర్ కోసం రెండో రోజే వచ్చాడు. ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి టక్కుమంది. లైట్లన్నీ పోయాయి. ఫ్యాన్లు నిదానించి, మూలిగి, ఒక్కొక్కటే ఆగాయి. కంప్యూటర్లు మాత్రం ఇన్వర్టర్ మీద వెలుగుతున్నాయి. వాటికి వేరే లైను వేయించారని అప్పుడు తెలిసింది. పెండింగ్ అంటూ పాత బిల్లుల కట్టలు దించి, అవన్నీ మళ్లీ కొట్టాకే కదలమని పొద్దున్నే మాకు చెప్పి ఉంచారు. ఎండాకాలం, సున్నం దుమ్ముకు కిటికీలు తియ్యలేం. చెమటకు కాగితాలు చేతులకు అంటుకుంటున్నాయి. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లలో టార్చి వేసుకున్నారు. మొన్నమొన్నటిదాకా మనుషుల్లేకుండా ఫ్యాన్లు పనిచేశాయి. ఇప్పుడు ఫ్యాన్లు లేకుండా మనుషులం పనిచేస్తున్నాం.

ఆ చీకట్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని నిలబడింది.

"ఏడికి?" అన్నాడు డిస్పాచ్ మనిషి.

"ఇంటికన్నా. ఫ్యాను ఆగిందిగా. ఫ్యాను ఆగితే మనిషి పోయినట్టేనని ఇన్నాళ్లూ అన్నది మీ సారేగా."

వెనక మెట్ల వైపు కాదు, ముందు మెట్ల మీదుగా చెప్పులు చప్పుడు చేసుకుంటూ దిగిపోయింది. మేం ఐదుగురం టార్చీలు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. లేచి ఆమె వెనక నడవడానికి ఐదుగురికీ కాళ్లున్నాయి. చట్టం మొత్తం చదివిన నాకూ ఉన్నాయి. ఎవరం లేవలేదు. నేను ఇన్‌చార్జిని కదా, లేస్తే బాగుండదనుకున్నాను. ఎవరికి బాగుండదో అడిగితే చెప్పలేను.

పదకొండు రోజులు ఆమె ఆరింటికి పోయింది. ఓనరుకు ఆపే దారి లేదు, ఆరు తర్వాత ఆఫీసులో పని లేదని తనిఖీ రోజున ఆఫీసరుకు ఆయనే రాసిచ్చాడు. పన్నెండో రోజున ఆమెను బట్టీ దగ్గర కాటాకు వేశాడు. లారీలు తూకం వేసే చోటు. "ప్రమోషనమ్మా" అన్నాడు. అక్కడ ఫ్యానూ లేదు, టైమరూ లేదు, ఆఖరి లారీ ఎప్పుడు తూగితే అప్పుడు ఇంటికి. నాలుగు రోజులు పోయింది. ఐదో రోజు రానని మెసేజ్ పెట్టింది.

ఆదివారం వాళ్లింటికి పోయాను. అత్తగారు టీ ఇచ్చింది. బిడ్డ చాప మీద బోర్లా పడి, నన్ను చూసి నవ్వాడు. పక్కన పాలసీసా. నేను దానివైపు చూడటం ఆ పిల్ల చూసింది.

"ఆ నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాడక్కా. నాకు ఎండిపోయినయ్" అంది. బాధపడుతూ కూడా అనలేదు. కరెంటు పోయింది అన్నట్టు అంది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతోంది.

ఇది జరిగిన నెలకు, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికని పర్మిషన్ మీద బయటపడ్డ ఒక సాయంత్రం, లేబర్ ఆఫీసరు మార్కెట్లో కనపడ్డాడు. ఒక చేతిలో గోంగూర కట్టలు. ఏడవుతోంది. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను.

"సార్, ఇక్కడికి రెండు వీధులే. ఇప్పుడే నాతో రండి. నలుగురు చీకట్లో టార్చీలు పెట్టుకుని బిల్లులు కొడతన్నారు. మీ కళ్లతో చూడండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. నిజంగానే అలసిపోయిన మొహం. "నా డ్యూటీ ఐదున్నరకే అయిపోయింది మేడం. నాకూ ఇంటికాడ పిల్లలున్నారు. నాకూ గంటలుంటాయిగా? రేపు పదకొండుకు వస్తా, కావాలంటే."

నేను ఎవరితోనైనా వాదించగలను. ఆయనతో వాదించలేకపోయాను. ఆయన అడిగింది, ఆ పిల్ల కోసం నేను అడిగిందే. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. లేబర్ ఆఫీసులో, వకీళ్ల దగ్గర, మా ఆయన దగ్గర, అందరి దగ్గరా అడిగాను, ఎవరూ చెప్పలేదు. మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి: గంటలు దాటాక జరిగే తప్పును, తన గంటలు దాటకుండా వచ్చి పట్టుకునే మనిషిని ఏ చట్టం కింద అడగాలి?